పెట్టిన పేరు, పిలిచే పేరు: కళాపూర్ణోదయం, కన్యాశుల్కం, పూర్ణమ్మ కథల్లో స్త్రీనామ మాధుర్యం

ఉపోద్ఘాతం

ఆడశిశువుకు పేరు నిర్ణయించేటప్పుడు తెలుగు కుటుంబాలు కొన్ని కొలతలు పాటిస్తాయి. జన్మనక్షత్ర పాదానికి చెప్పిన అక్షరంతో పేరు మొదలు కావాలి. అశ్వినీ నక్షత్రపు నాలుగు పాదాలకు చూ, చే, చో, లా అన్నట్లుగా ప్రతి పాదానికీ ఒక అక్షరం ఉంటుంది. ఇలవేల్పు పేరో, గతించిన నాయనమ్మ పేరో అందులో కలిసిరావాలి. వీటికి తోడు పేరు నిడుపుగా, వినసొంపుగా ఉండాలన్న కోరిక ఒకటి. బారసాలనాడు బియ్యంలో రాసి, శిశువు చెవిలో పలికిన ఆ నిడుపాటి పేరు మరునాటి నుంచే పాప, బుజ్జి, చిట్టి, అమ్ములు వంటి పిలుపుల వెనక్కి వెళ్తుంది. పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు మరొకటి అవుతాయి.

అయితే పేరులోని మాధుర్యం ఎక్కడ ఉన్నట్లు? రాసిన అక్షరాల్లోనా, పిలిచే గొంతులోనా? ఈ ప్రశ్న సాహిత్య విమర్శకు కూడా సంబంధించినదే. తెలుగులో నామవిజ్ఞాన పరిశోధనకు కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’ వంటి కృషి వల్ల గట్టి పునాది ఏర్పడింది. కావ్యపాత్రల పేర్ల విషయానికి వస్తే, వాటిని సార్థకనామాలుగా గుర్తించి, వ్యుత్పత్తి చెప్పి, పాత్రస్వభావంతో అన్వయించడం విమర్శలో పరిపాటి. ఆ పద్ధతి పేరుకు అర్థం చెబుతుంది. కాని పేరును ఎవరు పలుకుతున్నారో, ఏ సందర్భంలో పలుకుతున్నారో చెప్పదు. స్త్రీనామ మాధుర్యాన్ని పిలుపు నుంచి విడదీసి నిర్ణయించలేమన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే అంశం. పింగళి సూరన కళాపూర్ణోదయం, గురజాడ అప్పారావు కన్యాశుల్కం, ఆయనదే అయిన పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథ ఇందుకు ఆధారాలు.

శాస్త్రం పెట్టిన కొలతలు, తెలుగు తెచ్చిన మార్పు

స్త్రీనామం ఎలా ఉండాలో మనుస్మృతి రెండవ అధ్యాయం చెబుతుంది. పేరు సుఖంగా పలకడానికి వీలైనదై ఉండాలి. కటువుగా ఉండరాదు. అర్థం స్పష్టంగా తెలియాలి. మనోహరంగా, మంగళకరంగా ఉండి, దీర్ఘాక్షరంతో ముగియాలి. ఆశీర్వాదాన్ని సూచించాలి. ఆపస్తంబ, పారస్కర గృహ్యసూత్రాలు ఆడపిల్ల పేరులో అక్షరాల సంఖ్య బేసిగా ఉండాలని విధిస్తాయి. ఈ నియమాల్లో చాలావరకు చెవికి సంబంధించినవి. పేరు మొదట ధ్వని అన్న ఎరుక శాస్త్రకారులకు ఉంది.

శాస్త్రం చెప్పినవన్నీ లోకం పాటించిందని కాదు. నక్షత్రాల, వృక్షాల, నదుల పేర్లు గల కన్యను వివాహమాడరాదని అదే స్మృతి మూడవ అధ్యాయంలో ఉంది. అయినా రోహిణి, రేవతి, తులసి, గోదావరి, కృష్ణవేణి తెలుగు ఇళ్లలో తరతరాలుగా పేర్లే. నదీతీరంలో పుట్టిన పిల్లకు ఆ నది పేరే పెట్టుకోవడంలో జనానికి దోషం కనబడలేదు. నిషేధం గ్రంథంలో ఉండగా మమకారం పేరును నిలబెట్టింది.

దీర్ఘాంత నియమం తెలుగులో ఎదుర్కొన్న మార్పు మరింత ఆసక్తికరమైనది. సంస్కృత స్త్రీలింగ శబ్దాల తుది దీర్ఘం తత్సమాల్లో హ్రస్వమవుతుంది. సీతా శబ్దం సీత అవుతుంది, గౌరీ శబ్దం గౌరి అవుతుంది. అంటే శాస్త్రం కోరిన తుది దీర్ఘాన్ని తెలుగు ప్రథమావిభక్తిలోనే వదులుకుంది. ఆ దీర్ఘం సంబోధనలో తిరిగి వస్తుంది. సీతా, గౌరీ అని పిలిచినప్పుడు తుది అచ్చు సాగుతుంది. సంస్కృతంలో క్రమం దీనికి విరుద్ధం. అక్కడ ప్రథమలో దీర్ఘంగా ఉన్న గౌరీ శబ్దం సంబోధనలో హ్రస్వమవుతుంది. సీతా శబ్దం సీతే అవుతుంది. సంస్కృతంలో పేరు చెప్పినప్పుడు ఉన్న దీర్ఘం తెలుగులో పేరు పెట్టి పిలిచినప్పుడు వినిపిస్తుంది.

ఈ వ్యాకరణాంశానికి సాహిత్యపరమైన ప్రయోజనం ఉంది. తెలుగు స్త్రీనామం తన పూర్తి నిడివిని పిలుపులోనే పొందుతుంది. కలభాషిణి అన్న పేరులో ఆరు మాత్రలు. కలభాషిణీ అని పిలిస్తే ఏడు. పిలిచే గొంతు ఆ ఏడవ మాత్రను సమకూరుస్తుంది.

నిడివిలోనూ రెండు విధాలను వేరు చేసి చూడాలి. వెంకటసుబ్బలక్ష్మి ఏడక్షరాల పేరు. అభినవకౌముది కూడా ఏడక్షరాల పేరే. మొదటిది చేర్పు వల్ల నిడుపైనది: వేంకటేశ్వరుడు, సుబ్రహ్మణ్యుడు, లక్ష్మి ముగ్గురూ అందులో ఉన్నారు. ఒక మొక్కు, ఒక పెద్దావిడ జ్ఞాపకం, ఒక ఆశీస్సు కలిసి ఆ నిడివిని ఏర్పరుస్తాయి. రెండవది ఒకే భావనను విస్తరించిన సమాసం. కొత్త వెన్నెల అన్న ఒక్క చిత్రం అందులో ఉంది. మొదటి విధమైన నిడివి బంధువర్గాన్ని సంతృప్తిపరుస్తుంది. రెండవది చెవిని సంతృప్తిపరుస్తుంది. నేటి నిడుపాటి పేర్లలో ఈ రెండూ కలగలిసి ఉంటాయి కాబట్టి, నిడివినంతటినీ మాధుర్యంగా లెక్కించడం పొరపాటు.

కలభాషిణి నుంచి మధురలాలస వరకు

16వ శతాబ్దపు కవి పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయంలోని కథాకల్పనను కట్టమంచి రామలింగారెడ్డి 1914 నాటి ‘కవిత్వతత్త్వ విచారము’లో విస్తృతంగా చర్చించాడు. ఆ కల్పనలో పేర్లకు అసాధారణమైన స్థానం ఉంది. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథలో ముందు పేర్లు పుడతాయి. ఆ పేర్లు గల మనుషులు తరువాత పుడతారు. స్వభావుడు, మదాశయుడు, రూపానుభూతి వంటివి శబ్దచమత్కారంలోంచి వచ్చి వ్యక్తులైన పేర్లు. సాధారణంగా కవికి పాత్ర జీవితం ముందే తెలుసు కాబట్టి దానికి తగిన పేరు పెట్టగలడు. తల్లిదండ్రులకు ఆ సౌకర్యం లేదు. వారు తెలియని జీవితానికి పేరు పెడతారు. సూరన కావ్యంలో పేరు జీవితానికి ముందే సిద్ధంగా ఉండటం వల్ల ఆ రెండు స్థితుల మధ్య దూరం తగ్గింది.

ద్వారకలోని వేశ్యాకన్య కలభాషిణి. కల శబ్దానికి అవ్యక్తమధురమైన ధ్వని అని అర్థం. ఆ పేరులో ద్విత్వం లేదు, సంయుక్తాక్షరం లేదు. రెండు లఘువుల మీద భగణం నిలుస్తుంది. గృహ్యసూత్రాలు చెప్పిన బేసి సంఖ్యకు తగినట్లు అక్షరాలు ఐదు. సుఖోచ్చారణ నియమానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. నారదుడు, మణికంధరుడు కృష్ణుని భార్యల వద్ద సంగీతం నేర్చుకొనే ఘట్టంలో ఆమెకు పాత్ర ఉండటం వల్ల పేరులోని గానధ్వని కథలో నిజమవుతుంది.

ఈ కలభాషిణియే మరుజన్మలో మదాశయ, రూపానుభూతులకు కూతురై మధురలాలస అవుతుంది. ఈ కొత్త పేరులో ఆరక్షరాలు, నగణం మీద భగణం, ఏడు మాత్రలు. లకారం ఆవృత్తి చెంది నోట తేలికగా జారుతుంది. వినడానికి పేరు మరింత మృదువైంది. అయితే అర్థం చూస్తే మధురమైనదానిపై లాలస, అంటే తీవ్రమైన కోరిక గలది. పూర్వజన్మ పేరు ఆమె గొంతును చెప్పింది. ఈ జన్మ పేరు ఆమె మనసును చెబుతోంది. ధ్వనిని మాత్రమే చూసి పేరు ఎంచుకొనేవారు ఈ భేదాన్ని గమనించకపోవచ్చు. మనుస్మృతి మనోహరత్వంతో పాటు అర్థస్పష్టతను కూడా కోరడంలో ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది.

మధురలాలస ఇంకా శిశువుగా ఉండగానే మణిహార ప్రభావం వల్ల పూర్వజన్మస్మృతి కలిగి మాట్లాడటం కళాపూర్ణోదయ కథకు కీలకం. పేరు పెట్టించుకోవడం తప్ప మరేమీ చేతకాని వయసులో ఆ బిడ్డ తన కథ తానే చెబుతుంది. లాలస అన్న పదానికి ఇక్కడ శృంగారపరమైన అర్థం మాత్రమే చాలదు. ముగియని కథను ముగించాలన్న కోరిక కూడా అందులో ఉంది. పెద్దలు పెట్టిన పేరు వెనుక ఆమెకు మరొక పేరు, మరొక జీవితం ఉన్నాయి. ఆడశిశువును పిలుపులు అందుకొనేదిగా కాక మాట పలికేదిగా చూపిన ఈ కల్పన స్త్రీనామ చర్చలో ప్రత్యేకంగా గుర్తించవలసినది. ఆ పేరు విలువ దాని మెత్తదనంలో కంటే, ఆ పేరు గల బిడ్డకు దక్కిన మాటలో ఉంది.

మధురవాణి, బుచ్చమ్మ, సుబ్బి

1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చై, 1909లో విస్తృత రూపం పొందిన కన్యాశుల్కంలో స్త్రీల పేర్లు రెండు వర్గాలుగా విడిపోతాయి. ఇళ్లలో ఉన్నవారు వెంకమ్మ, బుచ్చమ్మ, సుబ్బి, మీనాక్షి. వేశ్యవాడలో ఉన్నది మధురవాణి. కలభాషిణికీ మధురవాణికీ అర్థం దాదాపు ఒకటే: తీయగా మాట్లాడేది. సూరన వేశ్యాకన్యకు పెట్టిన పేరూ, మూడు శతాబ్దాల తరువాత గురజాడ వేశ్యకు పెట్టిన పేరూ పర్యాయపదాల్లా ఉండటం యాదృచ్ఛికంగా తోచదు. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానంలో సంస్కృతంలో రామాయణ కావ్యం రచించిన కవయిత్రి పేరు కూడా మధురవాణి. విద్య, గానం, సంభాషణచాతుర్యం ఏ స్త్రీలకు వృత్తిధర్మాలయ్యాయో, ఆ స్త్రీల పేర్లలో వాక్కు చోటు చేసుకుంది. కులస్త్రీకి వాణి పేరు పెట్టడం సరస్వతీ భక్తి. వేశ్యకు పెట్టడం ఆమె పనికి గుర్తు.

ఛందోదృష్టితో చూస్తే ఈ విభజన మరింత స్పష్టమవుతుంది. మధురవాణి పేరులో మూడు లఘువులు, ఒక గురువు, ఒక లఘువు. మూడేసి మాత్రల రెండు సమఖండాలుగా అది విరుగుతుంది. వెంకమ్మ, బుచ్చమ్మ రెండూ తగణాలే; రెండు గురువుల బరువు మీద ఒక లఘువు. అగ్నిహోత్రావధాన్ల ఇంట భార్యకూ కూతురికీ ఒకే తూకం పేర్లు. సుబ్బి ఇంకా పిల్ల కాబట్టి ఆమె పేరు ఒక గురువు, ఒక లఘువుతో ముగుస్తుంది. పెద్దయితే సుబ్బమ్మ అయి తల్లి, అక్కల తూకానికి చేరుతుంది.

దీన్నిబట్టి మధురవాణి పేరు తీయనిదనీ, బుచ్చమ్మ పేరు మోటుదనీ తేల్చడం తొందరపాటు. ద్విత్వాలు లేని పేరే శ్రావ్యమన్న అభిప్రాయం సంస్కృత సమాసానికి అలవాటుపడిన చెవిది. తెలుగువారు నోరారా పలికే అమ్మ అన్న మాటే ద్విత్వం మీద నిలిచింది. నాటకం చూపేది మరొక భేదం. మధురవాణి పేరును మక్కువగా పలికేవారు ఆమెను ఉంచుకొన్న గిరీశం, ఆ తరువాత రామప్పంతులు. ఆ పిలుపులోని తీపికి ఒక వెల ఉంది. ఆమె వాక్కు మాత్రం కొన్నవారికి లోబడలేదు. ఎత్తిపొడుపుగా, సూటిగా, లోకజ్ఞానంతో సాగిన ఆ మాటలే కథను నడుపుతాయి. చివరి అంకంలో సౌజన్యారావు ముందుకు ఆమె పురుషవేషంలో వస్తుంది. వేశ్యను చేరనివ్వని ఆ ఇంట్లో అంత మధురమైన పేరే ఆమెకు అడ్డంకి. పేరును దాచుకొన్న తరువాతనే ఆమె మాటకు విలువ దక్కింది.

సుబ్బి పరిస్థితి దీనికి వ్యతిరేకం. ఆమె పెళ్లి ఆపడానికే కథలోని ఎత్తులన్నీ నడుస్తాయి. ఆమె పేరు అందరి నోటా ఉంటుంది. ఆమెకు మాత్రం మాట దాదాపు లేదు. ఆ ఇంట్లో కన్యాశుల్కం లెక్కకు వచ్చినంతగా ఆమె ఇష్టం లెక్కకు రాదు. సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకొని సుబ్బమ్మ, సుబ్బారావు అని పేరు పెట్టుకోవడం తెలుగునాట ఉన్న ఆచారం. మొక్కుబడి పేరులో కన్నవారి ఆశ ఉంటుంది. ఆ ఆశను మోయవలసిన పేరే బేరంలో సరుకు పేరైంది.

పేరు కుదింపులో కులం కూడా పనిచేస్తుంది. అగ్రహారపు పిల్ల సుబ్బి వయసుతో సుబ్బమ్మ అవుతుంది. లుబ్ధావధాన్ల ఇంట పనిచేసే అసిరిగాడు ఎంత వయసు వచ్చినా అసిరిగాడే. కూలిపనులు చేసే కులాల స్త్రీలు పోలమ్మ, ఎల్లమ్మ అన్న దేవతల పేర్లే పెట్టుకొన్నా, ఆసాముల నోట ముసలితనం వరకు పోలి, ఎల్లిగా మిగిలారు. అమ్మ అన్న చివరి రెండక్షరాలు పోగొట్టుకోవడం వారికి శబ్దపరమైన కుదింపు మాత్రమే కాదు. పేరును పూర్తిగా పిలిపించుకోవడం వారికి హక్కు విషయమైంది. ఆ ఇళ్లలో ఇవాళ ఆడపిల్లకు నిడుపాటి పేరు పెట్టుకోవడాన్ని కేవలం మోజుగా చూసే విమర్శ ఈ చరిత్రను విస్మరిస్తుంది.

పూర్ణమ్మ కోరిక

పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథలో పేరు ప్రసక్తి ఒక చిన్న కోరికగా వస్తుంది. పూజారి కూతురు పూర్ణమ్మను తండ్రి సొమ్ముకు ఆశపడి ముసలివాడికి కట్టబెడతాడు. అత్తవారింటికి పయనమయ్యే వేళ ఆమె అన్నదమ్ములతో చెప్పుకొన్న మాటల్లో రెండు కోరికలు ఉన్నాయి. అందరూ కలిసి నవ్వుకొనే వేళల్లో ఒక్కసారి తన పేరు తలచుకోవాలి. వారికి పుట్టే బిడ్డల్లో ఒకరికి ప్రేమతో తన పేరు పెట్టాలి. ఆ తరువాత ఆమె దుర్గ కోవెలకు వెళ్లి తిరిగి రాదు.

పూర్ణమ్మ పేరు కూడా బుచ్చమ్మ పేరులాగే తగణం. ఇంటి స్త్రీల తూకమే. అయితే సంస్కృత పూర్ణశబ్దం తెలుగు అమ్మతో కలవడం వల్ల ఆ మూడక్షరాల్లో నిండుదనం, తల్లితనం రెండూ వచ్చాయి. ఆ పేరు గల పిల్లకు ఆ రెండూ దక్కలేదు. సార్థకనామ పద్ధతితో విశ్లేషిస్తే ఇది పేరుకూ జీవితానికీ గల వైరుధ్యంగా మిగులుతుంది. పిలుపు కోణం నుంచి చూస్తే కథ మరికొంత చెబుతుంది.

అనేక తెలుగు కుటుంబాల్లో బారసాలనాడు మేనత్తకు ప్రత్యేక స్థానం ఉంది. శిశువును ఊయలలో వేసి పేరు పిలిచే సందర్భంలో ఆమె ముందుంటుంది. అన్నదమ్ముల బిడ్డకు పూర్ణమ్మ మేనత్త కావలసినది. పేరు పెట్టే వేడుకలో నిలబడవలసిన మనిషి, తాను ఉండబోనని తెలిసి, తన పేరునే అక్కడికి పంపుతోంది. వేడుకలో మేనత్త పలకవలసిన చోట మేనత్త పేరే పలకాలని కోరుతోంది. ఆమె అడిగినది స్మారకచిహ్నం కాదు. ఒక పసిబిడ్డ మీద నోరారా పలికే పిలుపు.

రెండు కోరికలను విడివిడిగా అడగడంలో గురజాడ లోకజ్ఞానం కనిపిస్తుంది. పోయినవారి పేరు బిడ్డకు పెట్టడం తెలుగు ఇళ్లలో సాధారణం. అయితే అత్తగారి పేరు కోడలు ఉచ్చరించకూడదన్న మర్యాద వల్లనో, పోయిన మనిషి గుర్తుకొస్తారన్న బాధ వల్లనో ఆ పేరుతో బిడ్డను పిలవరు. పేరు పుస్తకాల్లో ఉంటుంది. బిడ్డ చిట్టిగానో బుజ్జిగానో పెరుగుతుంది. ప్రేమతో పెట్టిన పేరే ఆ ప్రేమ వల్ల మూగబోతుంది. పూర్ణమ్మ పేరు పెట్టమని మాత్రమే అడిగి ఉంటే ఆ కోరిక అలా కాగితం మీద తీరి ఉండేది. నవ్వుల మధ్య తలచుకోమని కూడా అడగడంతో పేరు నోటికి అప్పగింత అయింది. దుఃఖంలో కాక సంతోషంలో తన పేరు వినబడాలన్న నియమం కూడా ఆ కోరికలోనే ఉంది. ఏడ్పుతో పలికే పేరును ఇంట్లో ఎంతోకాలం పలకలేరు. నవ్వుతో పలికితే అది నిలుస్తుంది.

అమ్ముడుపోయిన బిడ్డకు ఆస్తిగా మిగిలింది పేరు ఒక్కటే. ఆమె శరీరం మీద నిర్ణయం తండ్రిది, సొమ్ము ఇచ్చిన వరునిది. పేరు మీద నిర్ణయం మాత్రం ఆమె తీసుకొంది. సూరన శిశువు మధురలాలస పెద్దల ముందు తన గతజన్మను చెప్పుకొంది. గురజాడ పూర్ణమ్మ తన పేరుకు మరుజన్మను ఏర్పాటు చేసుకొంది. మొదటిది అద్భుతకల్పన, రెండవది గృహస్థుల ఆచారంలో సాధ్యమైన పని. తనకు లేని భవిష్యత్తును పేరు ద్వారా మరొక ఆడపిల్లకు అందించాలన్న తపన ఆ కోరికకు బలం.

ముగింపు

పరిశీలించిన మూడు రచనల్లోనూ పేరు మాధుర్యం ధ్వనికి సంబంధించినదే అయినా, అది అక్షరాల అమరికతో పూర్తి కాలేదు. కలభాషిణి, మధురలాలస, మధురవాణి ద్విత్వాలు లేని మెత్తని పేర్లు. వాటి విలువను ఆ స్త్రీలకు దక్కిన మాట నిర్ణయించింది. బుచ్చమ్మ, సుబ్బి కుటుంబం పెట్టుకొన్న గట్టి పేర్లు. వాటిలోని లోపం ధ్వనిది కాదు, ఆ పేరుతో పిలిచినవారు ఆ పిల్లల ఇష్టం అడగకపోవడమే. పూర్ణమ్మ మూడక్షరాల పేరు పిలుపు కోరినందువల్ల మిగిలిన పేర్లన్నిటికంటే ఎక్కువకాలం చెవిలో నిలుస్తుంది.

తుది దీర్ఘాన్ని ప్రథమలో వదిలి సంబోధనలో నిలుపుకొన్న తెలుగు పద్ధతి ఈ సాహిత్య సాక్ష్యానికి వ్యాకరణ సమర్థన వంటిది. పేరును పెట్టడం ఒకరోజు పని. పిలవడం జీవితకాలపు పని. ఆడబిడ్డ కోసం నిడుపైన, మధురమైన పేరు వెతకడంలో తప్పు లేదు. ఆ పేరును ఇంట్లో ఎవరు పూర్తిగా పలుకుతారు, ఏ గొంతుతో పలుకుతారు, ఆ పిలుపుకు బిడ్డ బదులిస్తే వినేవారున్నారా అన్న ప్రశ్నలను కూడా ఆ వెతుకులాటలో చేర్చుకోవాలని ఈ రచనలు సూచిస్తున్నాయి. పూర్ణమ్మ అన్నదమ్ములు ఆమె పేరు తమ బిడ్డకు పెట్టారో లేదో గురజాడ చెప్పలేదు. ఆ కోరిక నేటికీ ఎదురుచూస్తూనే ఉంది.